నడిమధ్య పాలకొల్లు: దూరపు గడియారాలను ఉపగ్రహం ఎలా పోలుస్తుంది

క్లుప్తంగా: దేశమంతా ఒకే కచ్చితమైన సమయం నడవాలంటే ఢిల్లీలోని గడియారాన్ని వందల కిలోమీటర్ల దూరంలోని గడియారాలతో నానోసెకన్ల లెక్కన పోల్చాలి. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఇందులో ఉపగ్రహం చెప్పే టైమ్ తప్పయినా పెద్ద నష్టం లేదు. రెండు చోట్లా ఒకే ఉపగ్రహాన్ని ఒకే సమయంలో చూస్తే దాని తప్పు తీసివేతలో పోతుంది. అలా పోని తప్పులు ఆకాశంలోనూ, కేబుల్‌లోనూ, నేల ఎత్తులోనూ ఉంటాయి. కష్టమంతా వాటితోనే. గోదావరి డెల్టాలో భూముల రీసర్వేకి వాడిన రోవర్, అంటే ఉపగ్రహ సంకేతాలతో చోటు కొలిచే పరికరం, చేసే పని కూడా దాదాపు ఇదే.

2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. చట్టపరమైన, వాణిజ్య, పరిపాలనా వ్యవహారాలన్నిటికీ భారత ప్రామాణిక సమయాన్నే వాడాలన్నది దాని సారాంశం. 'ఒకే దేశం, ఒకే సమయం' అన్న పేరుతో అది వార్తల్లోకి వచ్చింది. అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిల్లోని ప్రాంతీయ ప్రామాణిక ప్రయోగశాలల్లో అణు గడియారాలు పెట్టి, వాటిని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలిపి నడపడం ఈ పథకంలో భాగం.

ఈ జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఊరు ఒక్కటీ లేదు. అయినా మ్యాపు తీసి భువనేశ్వర్ నుంచి బెంగళూరుకు గీత గీస్తే, సరిగ్గా సగం దూరంలో ఆ గీత పాలకొల్లు దరిదాపుల్లోంచి పోతుంది. రెండు నగరాల మధ్య సుమారు 1,200 కిలోమీటర్లు. పాలకొల్లు నడినెత్తిన ఒక ఉపగ్రహం ఉందనుకుంటే అది అటు భువనేశ్వర్‌కీ, ఇటు బెంగళూరుకీ దాదాపు సమాన దూరంలో, నడినెత్తికి ఏడు డిగ్రీలు మాత్రమే ఓరగా కనిపిస్తుంది. రెండు గడియారాలను పోల్చడానికి ఇంతకంటే మంచి చోటు ఆకాశంలో దొరకదు.

ఫోన్‌లో టైమ్ ఉండగా ఇదంతా ఎందుకు

చేతిలో ఫోన్ సెకను తేడా లేకుండా టైమ్ చూపిస్తుంటే కొత్తగా చేసేదేముంది అన్నది చాలామందికి వచ్చే ప్రశ్న. మనిషికి సెకను చాలు. యంత్రానికి చాలదు.

ఒకప్పుడు నిమిషాల తేడా కూడా పెద్ద లెక్కలోకి వచ్చేది కాదు. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచే నాటికి రైళ్లు నడిచింది మద్రాసు టైమ్ మీద. అది ఇప్పటి మన సమయం కంటే దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. ఇప్పటి ప్రామాణిక సమయం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ మీదుగా పోతుందని బడిలో చెబుతారు. నిజానికి ఆ గీత కాకినాడకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు తూర్పున, తుని పక్కగా వెళ్తుంది. అందువల్ల సగటు లెక్కన కాకినాడకు సూర్యుడు గడియారం కంటే ఒక నిమిషం, రాజమహేంద్రవరానికి మూడు నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. ఈ తేడాతో ఎవరి పనీ ఆగదు.

మొబైల్ టవర్ సంగతి అలా కాదు. 5జీలో చాలాచోట్ల టవర్, ఫోన్ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడుకుంటాయి. దాళ్వాలో నీళ్లు తక్కువైనప్పుడు కాలువకు వంతులు పెట్టినట్టే. ఒక రైతు గడియారం తప్పయితే పక్కవాడి వంతులో తూము ఎత్తుతాడు. టవర్ గడియారం తప్పయితే పక్క టవర్ మాట మీద తన మాట పడుతుంది. ఇక్కడ ఓర్చుకోగల తేడా ఒకటిన్నర మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షలో వంతుకు ఒకటిన్నర రెట్లు. టవర్ల దగ్గర పుట్టగొడుగులా కనిపించే తెల్లటి చిన్న యాంటెన్నా ఆకాశంలోంచి టైమ్ తీసుకోవడానికే.

తుపానుకు హైటెన్షన్ లైను తెగితే ఎక్కడ తెగిందో తేల్చడానికీ ఇదే కావాలి. తెగిన చోటు నుంచి పుట్టిన విద్యుత్ తరంగం రెండు చివరల సబ్‌స్టేషన్లకు ఏ క్షణంలో చేరిందో చూసి దూరం కడతారు. రెండు గడియారాల మధ్య ఒక్క మైక్రోసెకను తేడా ఉంటే, చూపించే చోటు దాదాపు 150 మీటర్లు జరుగుతుంది. నీళ్లు నిలిచిన చేలలో గస్తీ తిరిగేవాళ్లకు 150 మీటర్లు చిన్న దూరం కాదు.

గడియారాన్ని మోసుకెళ్తే?

పాత పద్ధతి అదే. 1960లలో సీజియం అణు గడియారాలను విమానంలో సీటు మీద పెట్టుకుని దేశదేశాలు తిప్పి పోల్చారు. పని జరిగింది కానీ ఖర్చు ఎక్కువ, పైగా ప్రయాణంలో ఆ గడియారం తన నడక తప్పలేదన్న పూచీ లేదు. తర్వాతి ఆలోచన సూటిగా ఉపగ్రహాన్ని నమ్మడం. జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. నడినెత్తి నుంచి సంకేతం కిందికి రావడానికి 67 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని లెక్కకట్టి తీసేస్తే ఉపగ్రహం టైమ్ మన చేతికి వస్తుంది. టవర్లకు ఇది చాలు. ప్రయోగశాలకు చాలదు, ఎందుకంటే ఉపగ్రహం తప్పు చెబితే ఆ తప్పు నేరుగా మన నెత్తిన పడుతుంది.

అలాంటిది జరిగింది కూడా. 2016 జనవరి 26న ఒక పాత ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పించే సందర్భంలో జరిగిన పొరపాటు వల్ల కొన్ని జీపీఎస్ ఉపగ్రహాలు ప్రపంచ సమయానికి సంబంధించిన దిద్దుబాటును 13.7 మైక్రోసెకన్లు తప్పుగా పంపాయి. దారి చూపే పనికి ఏమీ కాలేదు. టైమ్ కోసం దాన్ని నమ్ముకున్న టెలికాం పరికరాలు మాత్రం అనేక దేశాల్లో అలారాలు మోగించాయి.

అంతర్వేది దీపం

ఈ చిక్కుకు విరుగుడును 1980లో అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న డేవిడ్ అలన్, మార్క్ వైస్ ప్రతిపాదించారు. ఉపాయం ఎంత సులువంటే, దాన్ని అంతర్వేది లైట్‌హౌస్‌తో చెప్పొచ్చు.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఒకరు అంతర్వేది వైపు, ఒకరు పడమటి గట్టున చినమైనవానిలంక వైపు నిలబడ్డారనుకుందాం. ఇద్దరి చేతుల్లో రెండు గడియారాలు. లైట్‌హౌస్ దీపం వెలిగిన క్షణాన తన గడియారం ఎంత చూపిందో ఇద్దరూ రాసుకుంటారు. రాత్రి ఫోన్ చేసుకుని ఆ అంకెలు తీసివేస్తే రెండు గడియారాల తేడా తేలిపోతుంది. దీపం సరిగ్గా ఎనిమిదింటికి వెలిగిందా, రెండు నిమిషాలు ఆలస్యమైందా అన్నది ఎవరికీ అక్కర్లేదు. ఇద్దరూ చూసింది ఒకే వెలుగు కావాలి, అంతే.

ఉపగ్రహం ఆ దీపం. దాని గడియారం 40 నానోసెకన్లు వెనకబడి ఉందనుకుందాం. తన గడియారం ఉపగ్రహం కంటే 65 నానోసెకన్లు ముందుందని భువనేశ్వర్ రాస్తుంది, 52 ముందుందని బెంగళూరు రాస్తుంది. తీసివేస్తే 13. ఆ 40 రెండు అంకెల్లోనూ ఉంది కాబట్టి కొట్టుకుపోయింది. 2000 మే నెల దాకా అమెరికా సైన్యం కావాలనే జీపీఎస్ సంకేతాల్లో తప్పులు కలిపేది. ఇద్దరూ సెకను తప్పకుండా ఒకేసారి చూసినంతవరకు ఉపగ్రహ గడియారంలో కలిపిన ఆ తప్పూ ఇదే దారిన పోయేది. ఒక దేశం చేతిలోని వ్యవస్థను, ఆ దేశం చెప్పే టైమ్‌ను నమ్మకుండానే వాడుకునే వీలు ఇందులో ఉంది. ఈ పద్ధతికి దక్కాల్సినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

'ఒకేసారి' అన్న మాటను ప్రయోగశాలలు చాలా గట్టిగా పట్టుకుంటాయి. ఏ ఉపగ్రహాన్ని ఎప్పుడు చూడాలో ముందే పట్టిక ఉంటుంది. ఒక్కో పరిశీలన 13 నిమిషాలు. జీపీఎస్ ఉపగ్రహం తన పూర్తి సమాచారాన్ని ఒకసారి పంపడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, ఆ అంకె వచ్చింది అందుకే. ఈ పట్టిక రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది. నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయని పంచాంగం చూసేవారికి తెలుసు. ఉపగ్రహం కూడా కిందటి రోజు చోటికి నక్షత్రాల లెక్కనే తిరిగి వస్తుంది.

ఉపగ్రహం ఉన్న చోటు విషయంలో చిన్న తప్పున్నా ఇదే రక్షణ. పాలకొల్లు నెత్తిన ఉన్న ఉపగ్రహం మనం అనుకున్న దానికంటే ఒక మీటరు పైన ఉంటే రెండు నగరాలకూ దూరం సమానంగా పెరుగుతుంది, తీసివేతలో పోతుంది. మీటరు పక్కకు జరిగితే మాత్రం కొంత మిగులుతుంది. 1,200 కిలోమీటర్ల ఎడానికి అది సుమారు ఆరు సెంటీమీటర్లు, నానోసెకనులో ఐదో వంతు.

తీసివేతకు లొంగనివి

రెండు చోట్లా సమానంగా లేని తప్పు తీసివేతలో పోదు. వాటిలో పెద్దది అయనావరణం. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యరశ్మికి విద్యుదావేశం పొందిన ఈ పొర రేడియో సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. మన అక్షాంశాల్లో సౌర చురుకుదనం ఎక్కువగా ఉన్న మధ్యాహ్నాల్లో ఆ ఆలస్యం 50 నానోసెకన్లు దాటవచ్చు. ఐరోపాలో ఇదే పని చేసేవారికి ఇంత బాధ లేదు. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొస మీదుగా పోతుంది. అక్కడ పైకి లేచిన ఆవేశ కణాలు ఉత్తరాన ఇరవై డిగ్రీల అక్షాంశానికి అటూఇటూ గుట్టగా పేరుకుంటాయి. బెంగళూరు ఆ రేఖకు దగ్గర, భువనేశ్వర్ గుట్టకు దగ్గర, గోదావరి డెల్టా రెంటి మధ్య. కాబట్టి భువనేశ్వర్ ఆకాశమూ బెంగళూరు ఆకాశమూ ఒకటే అనుకుని తీసివేస్తే లెక్క చెడుతుంది.

దీనికి మందు రెండు ఫ్రీక్వెన్సీలు. ఫ్రీక్వెన్సీ తక్కువైతే ఆలస్యం ఎక్కువ. ఒకే ఉపగ్రహం నుంచి వచ్చే రెండు సంకేతాల మధ్య తేడా చూస్తే మొత్తం ఆలస్యం ఎంతో తెలిసిపోతుంది. అయితే మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పొద్దుగూకాక ఈ పొరలో బుడగల్లాంటి ఖాళీలు లేస్తాయి. అప్పుడు సంకేతం మిణుకుమిణుకుమంటుంది, ఒక్కోసారి రిసీవర్ పట్టు వదిలేస్తుంది. ఏ లెక్కా దానికి మందు కాదు. ఆ కాసేపు ప్రయోగశాల తన గడియారం నిలకడను నమ్ముకుని ఊరుకోవాల్సిందే.

రెండోది మరీ మామూలు వస్తువు: కేబుల్. యాంటెన్నా నుంచి రిసీవర్‌కు వచ్చే తీగలో సంకేతం మీటరుకు నాలుగైదు నానోసెకన్లు తీసుకుంటుంది. ఎండకు తీగ వేడెక్కితే ఆ అంకె కూడా కాస్త మారుతుంది. అందుకే పారిస్ దగ్గర సెవ్రలో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల కార్యాలయం ఆధ్వర్యంలో ఒక రిసీవర్‌ను పెట్టెలో పెట్టి ప్రయోగశాల నుంచి ప్రయోగశాలకు తిప్పుతారు. ఒకప్పుడు గడియారాన్ని మోశారు, ఇప్పుడు రిసీవర్‌ను మోస్తున్నారు.

కేబుల్‌ను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2011 సెప్టెంబర్‌లో ప్రపంచమంతా చూసింది. జెనీవా దగ్గరి సెర్న్ కణ భౌతిక ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకు, సుమారు 730 కిలోమీటర్ల దూరం, న్యూట్రినోలనే అతి తేలికైన కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందుగా చేరినట్టు ఒపెరా ప్రయోగ బృందం ప్రకటించింది. ఐన్‌స్టీన్ తప్పాడా అని పత్రికలు రాశాయి. రెండు చోట్ల గడియారాలను పోల్చింది ఇదే ఉమ్మడి ఉపగ్రహ పద్ధతితో కాబట్టి మొదటి అనుమానం దాని మీదికే పోయింది. నెలల తరబడి వెతికితే 2012లో తేలింది వేరు. ఉపగ్రహం నుంచి తీసుకున్న టైమ్‌ను భూగర్భంలోని పరికరానికి చేర్చే ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ సరిగా బిగించి లేదు. అన్ని వేల కిలోమీటర్ల ఆకాశం సరిగ్గానే ఉంది.

కాలువలో పడవ

ఇంకా కచ్చితత్వం కావాలంటే రెండో దారి ఉంది. ఇందులో ఉపగ్రహానికి గడియారమే అక్కర్లేదు. భూస్థిర కక్ష్యలో, అంటే నేల మీంచి చూస్తే ఒకేచోట నిలిచినట్టు కనిపించే కక్ష్యలో, ఉన్న సమాచార ఉపగ్రహాన్ని అద్దంలా వాడుకుని రెండు ప్రయోగశాలలూ ఒకదానికొకటి ఏకకాలంలో సంకేతాలు పంపుకుంటాయి.

రోడ్లు లేని రోజుల్లో ధవళేశ్వరం నుంచి కాకినాడకు కాలువలో పడవలు నడిచేవి. రెండు ఊళ్ల నుంచి ఏ ఊరి గడియారం ప్రకారం ఆ ఊళ్లో ఒకే టైముకు రెండు పడవలు బయల్దేరితే, నీళ్లు నిలకడగా ఉంటే, రెండూ సమాన సమయంలో చేరాలి. చేరిన టైముల్లో తేడా కనిపిస్తే ఆ తేడాలో సగం గడియారాలది. దారి ఎంత పొడవో తెలియకపోయినా ఫర్వాలేదు, రానూ పోనూ ఒకటే దారి కనుక. అయనావరణం ఆలస్యమూ గాలిలో తేమ వల్ల వచ్చే ఆలస్యమూ ఇందులో చాలావరకు పోతాయి. మిగిలే అనిశ్చితి నానోసెకనుకు లోపే.

కానీ కాలువకు వాలు ఉంటుంది, ధవళేశ్వరం నుంచి దిగే పడవకు నీళ్లు సాయం చేస్తాయి. ఆకాశంలో ఆ పని భూభ్రమణం చేస్తుంది. సంకేతం దారిలో ఉండగా భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి తూర్పు వైపు వెళ్లే సంకేతానికి దారి కాస్త పెరుగుతుంది, పడమటి వైపుది తగ్గుతుంది. భూమధ్యరేఖ మీద పూర్తి చుట్టు తిరిగితే ఇది 207 నానోసెకన్లు. అదృష్టవశాత్తు కాలువ నీటి వడి లాగా ఇది రోజుకో రకంగా ఉండదు, కాబట్టి లెక్కకట్టి తీసేయవచ్చు. ఇంత మంచి పద్ధతి అన్నిచోట్లా ఎందుకు లేదంటే ఖర్చు. ఉపగ్రహంలో చోటుకు అద్దె కట్టాలి, ప్రతి చోటా సంకేతం పంపే డిష్ కావాలి, దానికి అనుమతులు కావాలి. ఉమ్మడిగా చూసే పద్ధతికి ఒక మంచి రిసీవర్ చాలు.

ఎత్తులో ఉన్న గడియారం తొందరపడుతుంది

పోల్చడంలో తప్పేమీ జరగకపోయినా బెంగళూరు, భువనేశ్వర్ గడియారాలు కలవవు. ఇది పరికరం లోపం కాదు. గురుత్వాకర్షణ కాస్త తక్కువగా ఉన్న చోట కాలం కాస్త వేగంగా నడుస్తుందని సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, భువనేశ్వర్ 50 మీటర్ల లోపే. ఆ తేడాకు బెంగళూరు గడియారం రోజుకు ఎనిమిది నానోసెకన్లు ముందుకు పోతుంది. కాకినాడలో అలాంటి గడియారం పెడితే దానికంటే ఢిల్లీది రోజుకు దాదాపు రెండు నానోసెకన్లు ముందు. జీపీఎస్ ఉపగ్రహంలో ఇది, దాని వేగం వల్ల వచ్చే మందగింపు పోను, రోజుకు 38 మైక్రోసెకన్లు, అందుకే నేల మీద ఉండగానే దాని గడియారం నడకను ఆ మేరకు తగ్గించి పంపుతారు.

జాతీయ భౌతిక ప్రయోగశాల తన సమయానికి చెప్పుకునే అనిశ్చితి 2.8 నానోసెకన్లు. రోజుకు ఎనిమిది చొప్పున జరిగే గడియారాన్ని అలాగే వదిలేస్తే ఒక్క పూటలోనే ఆ హద్దు దాటుతుంది. కాబట్టి పోల్చడం ఒకసారితో అయ్యే పని కాదు. రోజూ పోల్చి, రోజూ సరిచేసుకుంటూ పోవాలి. ఢిల్లీ గడియారం కూడా ఇదే రీతిలో సెవ్ర లెక్కకు లోబడి ఉంటుంది. అక్కడ వివిధ దేశాల నుంచి 400 పైచిలుకు అణు గడియారాల అంకెలు తీసుకుని సగటు కట్టి, ఎవరి గడియారం ఎంత తేడాగా ఉందో నెలకోసారి ప్రకటిస్తారు. ప్రపంచ సమయం అసలు రూపం ఏ గోడ మీదా ఉండదు, కిందటి నెల లెక్కల కాగితంలో ఉంటుంది.

డెల్టా పొలాల్లో ఇదే తీసివేత

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వేలో సర్వేయర్ భుజాన మోసిన రోవర్ ఈ లెక్కకు దగ్గరి చుట్టం. ఎక్కడో ఒకచోట స్థిరంగా ఉన్న కేంద్రం, పొలం గట్టు మీది రోవర్, రెండూ ఒకే ఉపగ్రహాలను ఒకేసారి చూస్తాయి. స్థిర కేంద్రానికి తన చోటు ముందే తెలుసు కనుక ఉపగ్రహాల తప్పు ఎంతో దానికి తేలిపోతుంది. ఆ దిద్దుబాటు మొబైల్ నెట్ ద్వారా రోవర్‌కు చేరుతుంది. ప్రయోగశాలకు తన చోటు తెలుసు, టైమ్ కావాలి. రోవర్‌కు చోటు కావాలి, తన గడియారం తప్పు దానికీ తెలియదు. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు అడుగుతుంది: మూడు చోటు కోసం, ఒకటి టైమ్ కోసం. నానోసెకను అంటే 30 సెంటీమీటర్లు. హద్దు రాయి విషయంలో రెండు ఇళ్ల మధ్య తగవుకు అంత దూరం సరిపోతుంది, కాబట్టి రోవర్ సంకేతపు అలల స్థాయికి దిగి సెంటీమీటర్ల లెక్క తేలుస్తుంది.

దూరం తక్కువ కావడం రోవర్‌కు పెద్ద వరం. అమలాపురం ఆకాశమూ రావులపాలెం ఆకాశమూ దాదాపు ఒకటే, కాబట్టి అయనావరణం తప్పు కూడా చాలావరకు తీసివేతలో పోతుంది. దానికి అసలు బాధ కోనసీమ కొబ్బరి తోటల్లో. మట్టలు సంకేతాన్ని అడ్డుకుంటాయి, కొంత పక్కకు తట్టి ఆలస్యంగా పంపుతాయి. ఆ తప్పు ఒక్క రోవర్‌దే, స్థిర కేంద్రానికి లేదు. ఉమ్మడి కానిది తీసివేతలో పోదు.

నావిక్ సంగతి, శివారు సంగతి

ఈ పథకంలో జీపీఎస్ బదులు, దారి చూపే మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌ను వాడాలన్న ఉద్దేశం ఉంది. పోల్చే పనికి నావిక్‌లో ఒక సౌకర్యం ఉంది: దాని ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున భారత్ మీదే చూపు నిలిపి ఉంటాయి. జీపీఎస్ లాగా వచ్చి పోయేదాకా వేచి చూడనక్కర్లేదు. నావిక్‌కు కేటాయించిన భూస్థిర స్థానాల్లో ఒకటి 83 డిగ్రీల తూర్పు. కాకినాడ నుంచి చూస్తే అది దాదాపు సరిగ్గా దక్షిణాన, ఆకాశంలో డెబ్బై డిగ్రీల ఎత్తున పడుతుంది.

ఇబ్బంది ఉపగ్రహాల ఆరోగ్యం. 2013లో పంపిన మొదటి ఉపగ్రహంలో మూడు రుబీడియం అణు గడియారాలూ చెడిపోయాయి. 2023 మేలో స్వదేశీ రుబీడియం గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లింది. 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. ఉమ్మడిగా చూసే పద్ధతికి ఉపగ్రహ గడియారం గొప్పగా ఉండనక్కర్లేదు, నిజమే. కానీ సంకేతం రావాలి కదా.

ప్రయోగశాలల్లో నానోసెకన్లుగా ఉన్న కచ్చితత్వం కిందికి దిగేకొద్దీ పలుచబడుతుంది. సబ్‌స్టేషన్‌కు, టవర్‌కు మైక్రోసెకన్లుగా, ఇంటర్నెట్ ద్వారా భీమవరంలోని బ్యాంకు సర్వర్‌కు మిల్లీసెకన్లుగా చేరుతుంది. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె దాటి శివారు చేనుకు వెళ్లే నీళ్ల వరస ఇది. ఆ చివరి అంచెలో కూడా వాడేది పడవల లెక్కే: సర్వర్ ఒక ప్రశ్న పంపి, జవాబు వచ్చేదాకా పట్టిన సమయంలో సగం పోవడానికి, సగం రావడానికి అనుకుంటుంది. పోయే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి అయినప్పుడు ఆ సగం తప్పుతుంది. బ్యాంకు ఖాతాలో లావాదేవీ పక్కన పడే టైమ్‌లో మిల్లీసెకన్ల తేడా చాలావరకు వచ్చేది అక్కడే.